ఆటయు జీవికయు

"ఆటలాడి అన్నము తినువాడు" అను మాట మన యిండ్లలో నేటికిని మెచ్చుకోలు మాట కాదు. బడి ఎగగొట్టిన కుఱ్ఱవానిని తిట్టుటకును, పని మానుకొని తిరుగు పెద్దవానిని ఎత్తిపొడుచుటకును అది పనికివచ్చుచున్నది. అదే యింటివారు పతకము మెడలో వేసికొని నిలిచిన బాలిక చిత్రమును పత్రికలో చూచి, మన హైదరాబాదు పిల్లయే యని పొంగిపోవుదురు. ఈ రెండు భావములును ఒక్క కప్పు క్రింద ఎట్లు కాపురము చేయుచున్నవి? ఆటను జీవికగా చేసికొనుట తప్పా? తప్పు కానిచో, మన బిడ్డయే అట్టి జీవికను కోరినపుడు మన గుండె యేల జంకుచున్నది? టేబుల్ టెన్నిస్ అను నాటను ఆధారముగా గొని యీ ప్రశ్నలను విచారింప దలచినాము. క్రికెట్టు నేల ఎత్తుకొనలేదని కొందఱడుగవచ్చును. అందలి ధనరాసుల నడుమ ధర్మవిచారము సాగదు. టేబుల్ టెన్నిస్ అట్టిది కాదు. 2.7 గ్రాముల బంతి, తొమ్మిదడుగుల బల్ల, చూచువారును కొందఱే. దానిని నమ్ముకొని బ్రతుక దలచినవాని సాహసము స్పష్టముగ కనబడును.

మన పూర్వులకు ఆటయన్న నింత అనుమాన మేల కలిగెనో ఊహించుట కష్టము కాదు. వారి కన్నుల యెదుట నున్న యాట పాచికలాట. ఋగ్వేదము పదవ మండలమున, ఆలికిని అత్తకును చేదైపోయిన జూదరి యొకడు విలపించు సూక్తము కలదు. ధర్మరాజు కథ చెప్పనక్కఱయే లేదు. ప్రాణములేని వస్తువులతో నాడు ద్యూతమును, ప్రాణులను పందెమునకు విడుచు సమాహ్వయమును రాజు అణచవలెనని మనుస్మృతి విధించుచున్నది. కాని వారు నిషేధించినది పందెమునే గాని పాటవమును గాదు. ధాతుపాఠమున 'దివ్' ధాతువునకు చెప్పిన యర్థములలో మొదటి మూడును క్రీడ, గెలువగోరుట, వ్యవహారము. దేవశబ్దము పుట్టినదియు ఆ ధాతువునుండియే. ఆటయు, గెలుపుకోరికయు, ఇచ్చిపుచ్చుకొనుటయు ఒక్క వేరున నిలిచినవని ఆ వైయాకరణులకు తోచినది. వారి పుస్తకములు చదువుకొన్న మనకు తోచలేదు. శివునకు మొగలిపువ్వు కూడదని లోకమంతటను చెప్పుదురు. మా ఝరాసంగమున సంగమేశ్వరునకు ఆ పువ్వే ప్రీతి. స్వామి పేరునందే కేతకి చేరియున్నది. నిషేధమును చదివినపుడు ఇది యెక్కడిది, దేనికొఱకు అని రెండు ప్రశ్నలు వేయవలెనని మా యూరి దేవుడే నేర్పుచున్నాడు.

ఇంగ్లీషువారి యనుమానము వేఱు రకమైనది. వారు ఆటను పూజించిరి. ఆటకు కూలి పుచ్చుకొనువానిని మాత్రము దూరముగ నుంచిరి. 'అమెచ్యూర్' అను మాటకు మూలమైన లాటిను ధాతువునకు ప్రేమించుట యని యర్థము. డబ్బు తీసికొన్నవానికి ప్రేమ యుండదని తాత్పర్యము కాబోలు! ఇంగ్లండులో 'జెంటిల్మెన్' ఒక పక్షముగను 'ప్లేయర్స్' ఒక పక్షముగను చీలి 1962 వఱకు క్రికెట్టు పోటీ లాడుచుండిరి. దొర లొకవైపు, కూలికాడువా రొకవైపు. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్సునందు రెండు స్వర్ణములు గెలిచిన జిమ్ థార్ప్ అను అమెరికా ఆదివాసి, అంతకుముందు బేస్‌బాల్ ఆడి కొద్దిపాటి డబ్బు తీసికొన్నాడని 1913లో ఆ పతకములను లాగుకొనిరి. ఆయన 1953లో మరణించెను. పతకముల ప్రతులు ఆయన బిడ్డల చేతికి వచ్చినది 1983లో. తాతలిచ్చిన భూములును తీరికయును గలవానికి ప్రేమకొఱకై ఆడుట యేమంత కష్టము?

మనమును వారికి తీసిపోలేదు. దొమ్మరివారు వీథిలో గడలు నాటి, పసిపిల్లలను వానిమీది కెక్కించి ఆడించినపుడు మన పెద్దలు చప్పట్లు కొట్టిరి, దోసెడు జొన్నలు పోసిరి, అరుగుమీద కూర్చుండనీయరైరి. ఆట మనకు కావలెను, ఆటగాడు మాత్రము మన పంక్తిలో నుండరాదు. "ఆటలాడి అన్నము తినువాడు" అను మాటలోని చేదు ఇక్కడినుండి వచ్చినదే యని మా నమ్మకము. అది నీతి కాదు, వట్టి కులాభిమానము.

టేబుల్ టెన్నిస్ పెద్దలు ఈ చిక్కును ముందుగనే వదలించుకొనిరి. 1926లో లండనున వారి అంతర్జాతీయ సమాఖ్య పుట్టినపుడు మన దేశమును అందు చేరెను. ఐవర్ మాంటేగు అధ్యక్షుడుగా నున్న కాలముననే అమెచ్యూరు, ప్రొఫెషనలు అను భేదమును విడిచి, అందఱికిని ఆటగాడను ఒక్క పేరే పెట్టిరి. కనుక ఈ యాటలో డబ్బు తీసికొనుట పాపమా యను ప్రశ్న ఏనాడో తీరినది. తీరని ప్రశ్న వేఱు. దానికి పోకమునుపు ఈ జీవిక యెట్టిదో చూడవలెను.

ఆచంట శరత్ కమల్ పేరు పాఠకులు వినియుందురు. 1982లో మద్రాసున తెలుగువారింట పుట్టెను. తండ్రి శ్రీనివాసరావు గారును, బంధువు మురళీధరరావు గారును ఇంటిలోని గురువులు. 2006లో మెల్బోర్నున కామన్వెల్తు క్రీడలలో పురుషుల సింగిల్సు స్వర్ణము గెలిచెను. 2022లో బర్మింగ్‌హామున అదే స్వర్ణమును మరల గెలిచెను. నడుమ పదునాఱేండ్లు. రెండవమాఱు గెలుచునాటికి ఆయనకు నలువది యేండ్లు నిండినవి. జాతీయ సింగిల్సు బిరుదమును పదిమార్లు గెలిచెను. అంతకుముందు కమలేశ్ మెహతా ఎనిమిదిమార్లు గెలిచి యుండెను. ఒలింపిక్సున కైదుమార్లు వెళ్లెను. జర్మనీ మొదలగు దేశముల క్లబ్బులపక్షమున ఏండ్ల తరబడి ఆడెను. 2015లో కాలికి గాయమై ఆటకు దూరమై, మరల వచ్చెను. ఇంత చేసిన వానికి నెలజీతము వచ్చినది ఇండియన్ ఆయిల్ సంస్థ నుండి. హైదరాబాదు వాస్తవ్యురాలగు ఆకుల శ్రీజ రిజర్వు బ్యాంకు ఉద్యోగిని. కనుక మన దేశమున టేబుల్ టెన్నిస్ వృత్తి యనగా, ఒక కార్యాలయపు హాజరుపట్టీలో పేరును, ప్రపంచమంతట తిరుగు బ్యాటును కలిసినది. 2017లో పుట్టిన అల్టిమేట్ టేబుల్ టెన్నిస్ పోటీలవలన కొంత రాబడి చేరినది. అయినను ఉద్యోగమే పునాది. దీనిని కొందఱు దయాధర్మ మందురు. మేము ఒప్పుకొనము. దేవాలయముల మాన్యములు వీణెవానిని పోషించినపుడు ఎవ్వరును దానిని బిచ్చమనలేదు గదా.

ఈ జీవికలో మాకు మిక్కిలి వింతగా తోచినది స్థానముల లెక్క. ప్రపంచపు పట్టికలో ఆటగాని స్థానము గడచిన పండ్రెండు మాసముల ఫలితములలో మేలైన యెనిమిదింటినిబట్టి యేర్పడును. సంవత్సరము దాటిన గెలుపు ఎంత గొప్పదైనను పట్టికనుండి రాలిపోవును. మా బోటి ఉపాధ్యాయుడు ఇరువదిరెండవ యేట ఒక పట్టా సంపాదించి, దానిని అరువదియవ యేటివఱకు తినుచుండును. మరల ఆ పరీక్ష పెట్టినచో ఎంతమంది నిలుతురో చెప్పము. ఆటగాడు ప్రతి సంవత్సరమును మొదటినుండి ఋజువు చేసికొనవలెను. దానికితోడు నియమములు మారుచుండును. 2000లో బంతి 38 మిల్లీమీటర్లనుండి 40కి పెరిగెను. 2001లో 21 పాయింట్ల ఆట 11 పాయింట్ల ఆట యయ్యెను. 2014లో సెల్యులాయిడు పోయి ప్లాస్టికు బంతి వచ్చెను. 1952లో బొంబాయిలో జరిగిన ప్రపంచపోటీలలో హిరోజి సతో అను జపానీయుడు స్పాంజి అతికించిన బ్యాటుతో వచ్చి, బంతి చప్పుడే వినబడక చెవులకలవాటైన యాట తప్పిపోగా, మహావీరుల నందఱను ఓడించెను. ఒక్క స్పాంజిముక్కతో ఎంతమంది అభ్యాసము ఒక వారములో పాతబడెనో! ఇట్టి అస్థిరతలో నెమ్మది చెడక పనిచేయువానిని సోమరి యనుట మన నోటి సోమరితనమే.

మఱియొక ఆచారము చెప్పవలెను. బంతి నెట్టును తాకి అవతల జారిపడినపుడు గాని, బల్ల అంచును తాకి దిశ మారినపుడు గాని ఎదుటివాడు చేయగలిగినది లేదు. పాయింటు కొట్టినవానిదే. అట్టి పాయింటు వచ్చినవాడు చేయి కొంచె మెత్తి, మన్నింపుమన్నట్లు సూచించును. ఏ నియమమును దీనిని విధింపదు. ఆటతోడనే చిన్ననాట నేర్చుకొందురు. మేము మొదట చూచినపుడు ఇదియొక వట్టి మర్యాద యనుకొంటిమి. ఆలోచింపగా దీనియందు లోతు కనబడినది. ప్రక్క మండలమున అల్లము దుంప కుళ్లి మా జహీరాబాదు అల్లమునకు ధర పలికినపుడు, చేయెత్తి మన్నింపుమన్న వర్తకుని మేమెఱుగము. అదృష్టమువలన వచ్చినదానిని తన ప్రతాపముగ చెప్పుకొనుటయే తక్కిన వృత్తులన్నిట మనము చూచుచున్నది. "పాయింటు తిరిగి ఈయడు గదా" యని నవ్వువారుందురు. ఈయడు. కాని అది తన నేర్పు కాదని పదిమంది యెదుట ఒప్పుకొనును. బంతి బల్ల పైయంచును తాకెనో ప్రక్కను తాకెనో మధ్యవర్తికి కనబడనపుడు, నిజము తానే చెప్పి పాయింటు వదలుకొను ఆటగాండ్రును కలరు. కూలికాడుచునే యిట్లు చేయుదురు. డబ్బు ముట్టినచో ఆటలోని ధర్మము చెడునను వాదమునకు ఇంతకంటె మంచి సమాధానము మాకు దొరకలేదు.

ఇక అసలు చిక్కు. ఈ యాట పదునెనిమిదేండ్లు వచ్చిన తరువాత ఇష్టపడి యెంచుకొను వృత్తి కాదు. బంతి బల్ల నీవలినుండి యావలికి రెప్పపాటులో పోవును. సర్వీసు చేయువాని మణికట్టును చూచి, బంతి యెటు తిరుగుచున్నదో అంతలోనే గ్రహింపవలెను. ఈ చూపు ఆరేడేండ్ల ప్రాయమునుండి వేలదినములు సాధన చేసినవానికే అలవడును. అనగా నిర్ణయించువాడు తండ్రి, ఒడ్డబడునది బిడ్డ బాల్యము. మన పూర్వులు భయపడిన పందెము ఇక్కడ మఱియొక రూపమున వచ్చి కూర్చున్నది. 1988లో ఈ యాట ఒలింపిక్సులో చేరినది మొదలు 2024 వఱకు ఈయబడిన స్వర్ణములు 42. అందు 37 చైనావారివి. ఆ దేశమున పిల్లలను పసితనముననే యేరి క్రీడాపాఠశాలలలో పెట్టుదురు. ఆ 37 స్వర్ణములను లోకము లెక్కించినది. ఆ పాఠశాలలలో చేరి, గెలువలేక, తిరిగి యింటికి వచ్చిన పిల్లల కథలను చెప్పువారు లేరు.

మొన్నటి వేసవిలో చెఱకు పండించు రైతొకడు కుమార్తెను వెంటబెట్టుకొని మాయొద్దకు వచ్చెను. ఆ బాలిక జహీరాబాదున మేనమామ యింట నుండి చదువుకొనుచు ఈ యాట నేర్చినది. "సారూ, పిల్ల చేయి మంచిగున్నదంటున్నరు. పట్నంల ఉంచి నేర్పియ్యమంటున్నరు. చెఱకు పైసలు వచ్చినయి. మీరేమంటరు?" అని యడిగెను. అడిగినది తండ్రి, పిల్ల గోడనున్న పటమును చూచుచుండెను. నీవేమందువని ఆమెనే యడిగితిమి. కొంతసేపటికి, "ఆడుత సార్. గని బడి ఇడువ" అనెను. పట్నము నూఱు కిలోమీటర్ల పైదూరము. మేము రైతుతో చెప్పినది రెండు మాటలు. పంపవచ్చును, కాని బడి మాన్పింపకుము, ఈ ఖర్చుకై భూమి తాకట్టు పెట్టకుము. ప్రతి వేసవిలోను ఆమెనే అడుగుము. వద్దన్ననాడు పెట్టిన ఖర్చుల పద్దు చదువకుము. మొదటి దానికి అతడు తల యూపెను. రెండవదానికి ఊరకుండెను. పద్దు చదువకుండుట ఏ తండ్రికైనను కష్టమే. మా కొడుకు సంగీతము మానినపుడు మా యింటను హార్మోనియము ధర రెండుమార్లు వినబడినది.

బడి మానవద్దని మేమనుట ఆటపై అపనమ్మకముచేత కాదు. ఇద్దఱు యువతుల చరిత్రము చూడుడు. శ్రీజ 1998లో పుట్టెను. సోమనాథ్ ఘోష్ శిక్షణలో పెరిగెను. జాతీయ సింగిల్సు బిరుదము మొదట వచ్చినది 2022 ఏప్రిలులో షిల్లాంగున, ఇరువదిమూడవ యేట. అంతవఱకు ఆమెను ఎంతమంది యెఱుగుదురు? ఆ యేడే బర్మింగ్‌హామున సింగిల్సు కంచుపతకము నాలుగు ఆటలకు మూడుగా చేజారినది; శరత్ కమల్‌తో కలిసి మిక్సెడ్ డబుల్సు స్వర్ణము చేతికి వచ్చినది. 2024 జూనులో లాగోసు పోటీలలో సింగిల్సు గెలిచి, డబ్ల్యు.టి.టి. కంటెండర్ సింగిల్సు బిరుదము పొందిన మొదటి భారతీయురాలయ్యెను. ఆ పోటీలలోనే బెంగుళూరు యువతి అర్చనా కామత్‌తో జతగా డబుల్సును గెలిచెను.

ఆ రెండు మాసములకు ఇద్దఱును పారిసు ఒలింపిక్సున నుండిరి. శ్రీజ జూలై 31వ తేదీన, తన యిరువదియాఱవ జన్మదినముననే, సింగపూరు క్రీడాకారిణిని ఓడించి కడపటి పదునార్గురిలో చేరెను. తరువాత చైనా వీరనారి సున్ యింగ్‌షా చేత నాలుగు ఆటలును ఓడిపోయెను. మొదటి రెండాటలు 10–12, 10–12. జట్టు పోటీలో జర్మనీ చేతిలో మనవారు మూడింటికి ఒకటిగా ఓడిపోయిరి. ఆ ఒక్క గెలుపు అర్చనది. ఆ నెల ముగియకమునుపే అర్చన ఆటను ముగించి, పై చదువులకై అమెరికాకు పోవ నిశ్చయించుకొన్నదని వార్త వచ్చెను. ఆమెకు ఇరువదినాలుగేండ్లు. "ఇంత శ్రమయు మట్టిపాలు చేసినది" అని చాలమంది వ్రాసిరి. ఎవరి శ్రమ? ఆమె శ్రమను గూర్చి ఆమెకంటె మనకు దుఃఖ మెక్కువా? బిడ్డ ఆటలో నుండుట మెచ్చదగినదగుటకు, బిడ్డ ఆటనుండి లేచి రాగలిగి యుండుట అవసరము. తలుపు లోపలినుండి తెరవరాని యిల్లు ఎంత యందమైనదైనను దానిని బందెలదొడ్డి యందురు. అర్చన తలుపు తెరచుకొని పోయినది, శ్రీజ తెలిసియుండియే నిలిచినది. ఇద్దఱను ఒక్క తీరుననే గౌరవింపలేని సంఘము, ఆటను గౌరవించుచున్నా ననుకొన్నను పతకమును మాత్రమే గౌరవించుచున్నది.

పతకములను గౌరవించు సంఘము వానిని గూడ మఱచిపోవును. 1936లో హైదరాబాదున పుట్టిన సయీద్ సుల్తానా, పదుమూడేండ్లు నిండీ నిండని ప్రాయమున, 1949లో దేశపు స్త్రీల సింగిల్సు బిరుదము గెలిచెను. 1954 వఱకు వరుసగా ఆఱేండ్లు ఆ బిరుదమును విడువలేదు. తరువాత పాకిస్తానమునకు తరలిపోయెను. ఆ నాళ్లలో మా ఝరాసంగము బీదరు జిల్లాలో నుండెడిది. 1956లో మెదకు జిల్లాలోనికి, 2016లో సంగారెడ్డి జిల్లాలోనికి వచ్చినది. జిల్లా మాఱిన ప్రతిసారియు మా బడి పిల్లలచేత క్రొత్త పేరు వల్లె వేయించినారు. ముస్లిము కుటుంబముల బాలికలు పరదా చాటున నున్నారని అందఱును చెప్పుచుండిన కాలమున, దేశమున ఆఱేండ్లు ఎదురులేక నిలిచిన ఆ పట్నపు పిల్ల పేరు మాత్రము ఎవ్వరును చెప్పలేదు. పాఠ్యపుస్తకములలో వెదకితిమి, లేదు.

శరత్ కమల్ తన కడపటి పోటీని 2025 మార్చిలో చెన్నపట్టణమున, తాను పుట్టిన యూరిలో, ఆడెను. ఆయనను ఓడించినవాడు సూరావజ్జుల స్నేహిత్, హైదరాబాదువాడు. మూడాటలును స్నేహిత్‌వే, కాని ఏ యాటయు సులభముగ రాలేదు. శరత్ ఒలింపిక్సున మొదట ఆడునాటికి స్నేహిత్ పసివాడు. చూడవచ్చినవారు ఆనాడు గెలిచినవానికంటె ఓడినవానికే ఎక్కువసేపు చప్పట్లు కొట్టిరని విని సంతోషించితిమి. ఆ గెలుపుచే స్నేహిత్‌కు వచ్చిన పాయింట్లు, పండ్రెండు మాసములు నిండగానే, అందఱి పాయింట్లవలెనే లెక్కనుండి తీసివేయబడునవి.